ముక్కులోని వైరస్ వేరు, రక్తంలోని వైరస్ వేరు



2021 మే నెలలో ఒక సాయంత్రం మా వార్డు ఫోను మోగింది. అవతల ఒక అమ్మాయి. వాళ్ళ నాన్నగారికి కరోనా పరీక్ష చేయించారట, రిపోర్టు చేతికి వచ్చిందట. "సిస్టర్, పాజిటివ్ అని ఉంది. పక్కన సీటీ విలువ 31 అని రాశారు. ఇది మంచిదా, చెడ్డదా?" అని అడిగింది. ఆ రోజు పడకలన్నీ నిండిపోయి వరండాలో కూడా ఇద్దరిని పడుకోబెట్టి ఉన్నాము. ఒక చేతిలో ఫోను, మరో చేతిలో సిలిండరు స్పానరు పట్టుకొని, "31 అంటే వైరస్ తక్కువగా ఉన్నట్టమ్మా, కంగారు పడకండి" అని చెప్పి ఫోను పెట్టేశాను.

నాలుగో రోజున ఆయన్ని ఆటోలో తీసుకొచ్చారు. వేలికి ఆక్సీమీటరు పెడితే 76 చూపించింది.

నేను ఆ అమ్మాయికి అబద్ధం చెప్పలేదు. ముక్కులో వైరస్ నిజంగానే తక్కువగా ఉంది. కాని అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న అడగలేదు. జ్వరం మొదలై ఎన్నో రోజు? కేసు షీటు రాసేటప్పుడు తెలిసింది, ముక్కులో నుండి నమూనా తీసింది ఏడవ రోజున అని. అప్పటికి ముక్కులో వైరస్ దానంతటదే తగ్గుముఖం పడుతుంది. ఊపిరితిత్తుల్లో జరిగేది వేరే సంగతి. ఆయన 21 రోజులు మా దగ్గర ఉండి, ఆక్సిజన్ మిషన్‌తో ఇంటికి వెళ్ళారు. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఈనాటికీ మా వార్డుకు వచ్చే బంధువులు రిపోర్టులోని అంకె చూసి ధైర్యపడటమో, భయపడటమో చేస్తూనే ఉన్నారు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాపై ప్రకటించిన అత్యవసర పరిస్థితిని ఎత్తివేసింది గాని, వైరస్ మన మధ్య నుండి వెళ్ళిపోలేదు. వృద్ధులు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, క్యాన్సరు మందులు వాడుతున్నవారు ఉన్న ఇళ్ళలో ఈ విషయం తెలిసి ఉండటం ఇప్పటికీ అవసరమే. కాబట్టి ఈ పాఠాన్ని కాస్త ఓపికగా చదవండి.

వైరల్ లోడ్ అంటే ఏమిటి?

ఈ మాట మనవారికి కొత్త కాదు. ఏ.ఆర్.టి. కేంద్రానికి వెళ్ళే వారందరికీ తెలుసు. హెచ్.ఐ.వి. ఉన్న వ్యక్తి రక్తం తీసి, అందులో వైరస్ ఎంత ఉందో కొలుస్తారు. మందులు సరిగా వేసుకుంటే ఆ లెక్క తగ్గుతుంది, మానేస్తే పెరుగుతుంది. డెంగ్యూ కూడా మీకు తెలిసినదే. దోమ కుట్టినప్పుడు వైరస్ మన శరీరంలోకి చేరుతుంది, జ్వరం ఉన్న మొదటి రోజుల్లో రక్తంలో తిరుగుతూ ఉంటుంది. అందుకే డెంగ్యూ పరీక్షకు చేతి నుండి రక్తం తీస్తాము.

కరోనా అలా కాదు. దాని ఇల్లు శ్వాసమార్గం. ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల లోపలి పొరలో ఉన్న కణాలలో చేరి అక్కడ పెరుగుతుంది. అందుకే పరీక్షకు ముక్కులో పుల్ల పెట్టి తీస్తాము. ఆ పుల్ల ఎంత ఇబ్బందో నాకు తెలుసు. వేల మందికి పెట్టాను, నాకూ పెట్టించుకున్నాను.

హెచ్.ఐ.వి. విషయంలో రక్తంలోని లెక్కే అసలు లెక్క. కరోనా విషయంలో రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి ముక్కులోది, రెండవది రక్తంలోది. మీ చేతికి వచ్చే రిపోర్టు మొదటిది మాత్రమే. జబ్బు తీవ్రతతో ఎక్కువ దగ్గర సంబంధం ఉన్నది రెండవది. మొదటి దానిని రెండవది అనుకోవడం వల్లనే పొరపాట్లు జరిగాయి.

రెండు సీటీల గందరగోళం

ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షలో మిషన్ ఏమి చేస్తుందంటే, నమూనాలో ఉన్న వైరస్ జన్యుపదార్థాన్ని ఒక్కో విడతకు రెట్టింపు చేసుకుంటూ పోతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. ఎన్నో విడతలో మిషన్‌కు అది కనిపించిందో ఆ సంఖ్యే సీటీ విలువ. మొదట్లోనే ఎక్కువ వైరస్ ఉంటే తొందరగా, అంటే తక్కువ విడతల్లోనే కనిపిస్తుంది. కాబట్టి ఈ అంకె తక్కువగా ఉంటే వైరస్ ఎక్కువ, అంకె ఎక్కువగా ఉంటే వైరస్ తక్కువ. 20కీ 30కీ తేడా చూడటానికి పదే. కాని పది విడతలు రెట్టింపు అయితే సుమారు వెయ్యి రెట్లు.

ఇది చాలనట్టు మరో సీటీ ఉంది. ఛాతీకి తీసే సీటీ స్కాన్. అందులో ఊపిరితిత్తులు ఎంత మేర దెబ్బతిన్నాయో 25కి ఇన్ని మార్కులని రాస్తారు. అక్కడ అంకె పెరిగే కొద్దీ జబ్బు ఎక్కువ. రెండింటికీ పేరు ఒకటే, లెక్క మాత్రం తలకిందులు. "మా అన్నయ్యకు సీటీ 18" అని ఫోనులో చెబితే, అది ముక్కుదో, స్కాన్‌దో తెలియక మేము కూడా ఆగి మళ్ళీ అడిగేవాళ్ళం. చదువుకున్నవారు కూడా ఇక్కడ తడబడ్డారు, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ముక్కులోని అంకెను ఎందుకు నమ్ముకోకూడదు? పుల్ల లోపలికి సరిగా వెళ్ళకపోతే, రోగి తల వెనక్కి లాక్కుంటే నమూనా తక్కువ వస్తుంది. నమూనా గొట్టం ఐసు లేని డబ్బాలో ఎండలో ప్రయాణం చేస్తే పాడవుతుంది. ఒక ల్యాబు వాడే కిట్టు వేరు, ఇంకో ల్యాబుది వేరు. అన్నిటికంటే ముఖ్యం, ఎన్నో రోజున తీశారన్నది. లక్షణాలు మొదలైన తొలి రోజుల్లో ముక్కులో వైరస్ మిక్కిలి ఎక్కువగా ఉంటుంది. మామూలు జలుబుతో లేచి తిరిగే కుర్రవాడికి కూడా అప్పుడు 17 రావచ్చు. వారం దాటాక ఆయాసంతో ఉన్న పెద్దాయనకు 31 రావచ్చు. ఈ కారణాల వల్లనే భారత వైద్య పరిశోధన మండలి, సీటీ విలువను బట్టి జబ్బు తీవ్రతను అంచనా వేయవద్దని 2020లోనే సలహా ఇచ్చింది. ఆ కాగితం మా నర్సింగ్ స్టేషన్ బోర్డు మీద కూడా ఉంది. నేను చదివాను కూడా. అయినా ఆ సాయంత్రం ఫోనులో అలా చెప్పాను.

మరి రక్తంలోకి ఎలా చేరుతుంది?

మన ఊపిరితిత్తుల చివర ద్రాక్షగుత్తుల వంటి చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. ఆ గదుల గోడ ఎంతో పలుచన. గోడకు ఇటు గాలి, అటు సన్నని రక్తనాళం. గాలిలోని ఆక్సిజన్ ఆ గోడ దాటి రక్తంలో కలవాలి కాబట్టి అది అంత పలుచగా ఉండవలసిందే.

వరి మడిని తలచుకోండి. గట్టు గట్టిగా ఉన్నంతసేపు మడిలో నీరు మడిలోనే ఉంటుంది. ఎండ్రకాయలు గట్టుకు బొరియలు పెడితే నీరు పక్క కాలువలోకి జారుతుంది. ముందు సన్నగా, తరువాత ధారగా. గాలి గదుల గోడలో ఉన్న కణాలలో వైరస్ పెరిగి వాటిని నాశనం చేసినప్పుడు, దానిపై పోరాడటానికి వచ్చిన మన సొంత రక్షణ కణాలు కూడా అక్కడ మంట పుట్టించినప్పుడు, ఆ గోడ గట్టులాగే బలహీనపడుతుంది. అప్పుడు వైరస్, వైరస్ ముక్కలు రక్తంలోకి జారతాయి. కనుక కాలువలో నీరు కనిపించిందంటే గట్టు ఎక్కడో తెగిందని అర్థం. రక్తంలో వైరస్ కనిపించడం కూడా అటువంటి కబురే.

ఇంకొక సంగతి. రక్తంలో యాంటీబాడీలు ఉంటే, జారి వచ్చిన వైరస్‌ను పట్టుకొని తొలగిస్తాయి. టీకా వేసుకున్నవారికి, ఇంతకు ముందు ఈ జబ్బు వచ్చి తగ్గినవారికి అవి చాలావరకు సిద్ధంగా ఉంటాయి. 2020లో మనలో ఎవరికీ లేవు. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి గాని, ఏప్రిల్, మే నెలల్లో ఆ పెద్ద అల వచ్చే నాటికి చాలామందికి అందలేదు. కాబట్టి రక్తంలో వైరస్ ఎక్కువ రోజులు నిలిచి ఉందంటే రెండు కారణాలు ఉండవచ్చు. లోపల నష్టం ఎక్కువగా జరుగుతూ ఉండవచ్చు, లేదా దాన్ని తొలగించే యాంటీబాడీలు ఇంకా తయారై ఉండకపోవచ్చు. తరచుగా రెండూ కలిసే ఉంటాయి.

పరిశోధనలు ఏమి చెప్పాయి?

ఈ సంగతి మొదట గమనించింది 2020లో కాదు. 2003లో సార్స్ అనే జబ్బు వచ్చింది గుర్తుందా? అదీ ఒక కరోనా వైరస్సే. అప్పుడు హాంకాంగ్ డాక్టర్లు రోగుల రక్తంలో ఆ వైరస్ జన్యుపదార్థాన్ని కొలిచారు. తరువాత ఐ.సి.యు. అవసరమైనవారిలో, ఆసుపత్రిలో చేరిన నాడే ఆ లెక్క ఎక్కువగా ఉన్నట్టు తేలింది.

2020 జనవరిలో చైనాలోని వూహాన్ నుండి మొదటి 41 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో 6గురి రక్తంలో వైరస్ ఆనవాళ్ళు దొరికాయి. అంత చిన్న గుంపులో ఐ.సి.యు. వారికీ మిగతావారికీ తేడా ఏమీ బయటపడలేదు. అదే సంవత్సరం అమెరికాలోని బోస్టన్ ఆసుపత్రుల్లో ఎక్కువ మందిని చూశారు. ఆసుపత్రిలో చేరినవారిలో 27 శాతం మంది రక్తంలో వైరస్ కనిపించింది. ఇంటి దగ్గరే ఉన్నవారిలో 13 శాతం మందిలో మాత్రమే. రక్తంలో కనిపించినవారికి శ్వాస ఇబ్బంది ఎక్కువగా ఉంది, వారిలో మరణాలు కూడా ఎక్కువ. అయితే 27 శాతం అంటే మిగిలిన 73 శాతం మంది రక్తంలో వైరస్ దొరకకుండానే ఆసుపత్రి పడక మీద ఉన్నారన్నమాట. రక్తంలో లేదు కాబట్టి జబ్బు లేదు అనుకోవడానికి వీలు లేదు.

నాకు అన్నిటికంటే ఆలోచన కలిగించింది కెనడాలోని మాంట్రియల్ పరిశోధన. 2021లో వెలువడింది. 279 మంది రోగుల రక్తాన్ని పరీక్షించి, లక్షణాలు మొదలైన 11వ రోజు లెక్కను ముఖ్యంగా చూశారు. ఆనాటికి రక్తంలో వైరస్ జన్యుపదార్థం ఎంత ఉందన్నది, రోగి వయస్సు, స్త్రీయా పురుషుడా అన్నవి కలిపి చూస్తే, ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో చాలావరకు ముందుగా చెప్పగలిగారు. 11వ రోజు అన్న మాట గమనించండి. మన ఇళ్ళలో అప్పటికి "జ్వరం తగ్గింది, గండం గడిచింది" అనుకుని కాస్త నిశ్చింతగా ఉంటాము.

అయితే ఆ రక్త పరీక్ష చేయించాలా?

వద్దు. ఇది పరిశోధన ల్యాబుల్లో చేసే పరీక్ష. మామూలు ఆసుపత్రుల్లో దొరకదు, దాని కోసం తిరగవలసిన అవసరం కూడా లేదు. ఆ పరీక్ష చెప్పే సంగతిని చాలావరకు వేరే దారుల్లో తెలుసుకుంటాము. మేము రోజూ రక్తం తీస్తూ ఉంటే, "ఇన్నిసార్లు ఎందుకు తీస్తున్నారు, మనిషే నీరసంగా ఉన్నాడు" అని మీరు అంటారు. ఆ కోపం న్యాయమైనదే. ఎందుకో చెబుతాను.

సి.ఆర్.పి. అనే పరీక్ష శరీరంలో మంట ఎంత ఉందో చెబుతుంది. తెల్లకణాలలో లింఫోసైట్లు అనే రకం బాగా తగ్గిపోతే అది తీవ్రతకు గుర్తు. బోస్టన్ పరిశోధనలో రక్తంలో వైరస్ ఉన్నవారికి ఈ రెండూ అలాగే ఉన్నాయి, మంట ఎక్కువ, లింఫోసైట్లు తక్కువ. డి-డైమర్ అనేది రక్తం గడ్డకట్టే స్వభావాన్ని తెలుపుతుంది. ఈ జబ్బులో రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో రక్తం గడ్డలు కట్టవచ్చు. పొట్ట మీద రోజూ ఇచ్చే చిన్న ఇంజక్షన్ అందుకే. "జబ్బు ఛాతీలో ఉంటే సూది పొట్టలో ఎందుకు సిస్టర్?" అని ఒక పెద్దమ్మ రోజూ అడిగేది. రోజూ చెప్పేదాన్ని, మరుసటి రోజు మళ్ళీ అడిగేది.

చాలామందికి ఉండే మరో భయం, రోగి రక్తం తగిలితే అంటుతుందా అని. రక్తంలో కనిపించేది ఎక్కువగా వైరస్ ముక్కలే. రక్తం నుండి బ్రతికి ఉన్న వైరస్‌ను పెంచాలని చేసిన ప్రయత్నాలు దాదాపుగా ఫలించలేదు. ఈ జబ్బు దగ్గు, తుమ్ము, మాట, ఊపిరి ద్వారా వచ్చే గాలిలో పాకుతుంది. రక్తపు మరకల బట్టల విషయంలో ఏ రోగికైనా తీసుకునే జాగ్రత్తే చాలు. గదిలో మాస్కు, తెరిచిన కిటికీ అంతకంటే ముఖ్యం.

వైరస్‌ను కడిగేస్తే సరిపోదా?

2020, 2021లలో ప్లాస్మా కోసం మనవారు పడిన పాట్లు మరచిపోలేనివి. కోలుకున్నవారి రక్తం నుండి తీసిన ప్లాస్మాలో యాంటీబాడీలు ఉంటాయి, అవి రోగి ఒంట్లోని వైరస్‌ను తుడిచేస్తాయి అన్నది ఆశ. ఒక తమ్ముడు తన అన్న కోసం నాలుగు ఊళ్ళు తిరిగి దాతను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ ఆశను తప్పుపట్టలేము.

భారత వైద్య పరిశోధన మండలి మన దేశంలోనే 39 ఆసుపత్రుల్లో, 464 మంది రోగులతో దీన్ని పరీక్షించింది. ప్లాస్మా ఇచ్చినవారిలో ఏడవ రోజుకు ముక్కు, గొంతు పరీక్ష నెగెటివ్ అయినవారు ఎక్కువ మందే ఉన్నారు. వైరస్ త్వరగా పోయింది. కాని జబ్బు ముదరడంలో గాని, మరణాలలో గాని తేడా రాలేదు. 28 రోజులలో చనిపోయినవారు ప్లాస్మా ఇచ్చినవారిలో సుమారు 15 శాతం, ఇవ్వనివారిలో 14 శాతం. 2021 మే నెలలో ప్లాస్మాను మన దేశ చికిత్సా సూచనల నుండి తొలగించారు.

ఎందుకు ఇలా? జబ్బు రెండు భాగాలుగా నడుస్తుంది. మొదటి వారం వైరస్ పెరిగే కాలం. ఆ తరువాత, తీవ్రమయ్యేవారిలో, శరీరం పుట్టించే మంటే ఎక్కువ నష్టం చేస్తుంది. పొయ్యిలో అంటుకున్న మంట పైకప్పుకు పాకిన తరువాత పొయ్యిలోని కట్టె తీసేస్తే ఇల్లు ఆరిపోదు.

మందులకు కూడా వేళ ఉంటుంది. వైరస్‌ను అణిచే మందులు మొదటి అయిదు, ఏడు రోజుల్లో, అదీ ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి మేలు చేస్తాయి. వీటిలో కొన్ని కిడ్నీ మార్పిడి మందులతోను, గుండె మందులతోను పడవు. కాబట్టి రోగి వాడే మందుల చీటీలన్నీ తప్పక డాక్టరుకు చూపించండి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మంటను తగ్గిస్తుంది. 2020 జూన్‌లో ఇంగ్లండ్ డాక్టర్లు 6,400 మందికి పైగా రోగులతో చేసిన పరిశోధన ఫలితం చెప్పారు. వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలు మూడవ వంతు, ఆక్సిజన్ పెట్టుకున్నవారిలో అయిదవ వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనిపించలేదు.

ఇంత మంచి మందునే మన ఊళ్ళలో జ్వరం వచ్చిన మొదటి రోజు నుండే వాడినవారు ఉన్నారు. వైరస్ ఇంకా పెరుగుతున్న సమయంలో మన రక్షణ శక్తిని మనమే అణిచివేస్తే, వైరస్‌ను తొలగించే పని ఆలస్యమవుతుంది. షుగరు ఉన్నవారికి అది 400, 500 దాటిపోయేది. 2021లో వచ్చిన బ్లాక్ ఫంగస్‌కు ఈ రెండూ దారి వేశాయి. కాబట్టి పక్కింటివారి చీటీ చూసి మందుల షాపులో స్టెరాయిడ్ కొనవద్దు. మీ తమ్ముడికి మేలు చేసిన మాత్ర మీ అమ్మగారికి కీడు చేయవచ్చు, రోజు తేడా అంతే.

ఇంట్లో మీరు చూడవలసినవి

లక్షణాలు మొదలైన తేదీని కాగితం మీద రాసి గోడకు అంటించండి. పరీక్ష చేయించిన రోజు కాదు, రిపోర్టు వచ్చిన రోజు కాదు. ఒళ్ళునొప్పులో, గొంతునొప్పో, జ్వరమో మొదట కనిపించిన రోజు. చాలామంది రెండు మూడు రోజులు లెక్కలోంచి వదిలేస్తారు, "అది మామూలు జలుబేలే" అని. ఆ జలుబే మొదటి రోజు. అయిదవ రోజు నుండి పన్నెండవ రోజు దాకా జాగ్రత్త ఎక్కువ ఉండాలి.

ఆక్సీమీటరు పెట్టే ముందు రోగిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. గోళ్ళ రంగు తీసేయండి, చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చచేయండి. వేలికి పెట్టాక అంకె కుదురుకునే వరకు ఆగండి. రోజుకు మూడు, నాలుగు సార్లు చూసి రాసిపెట్టండి. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి ఫోను చేయండి. 90 దాకా వచ్చిందంటే ఫోను కాదు, బయలుదేరండి. ముందు నుండి ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఈ అంకెలు వేరుగా ఉండవచ్చు, వారి డాక్టరునే అడగండి.

ఈ జబ్బులో ఒక మోసం ఉంది. ఆక్సిజన్ 85కి పడిపోయినా కొందరు ఆయాసం లేకుండా కూర్చొని కబుర్లు చెబుతారు. అందుకే నడక పరీక్ష. కూర్చున్నప్పుడు 94, ఆ పైన ఉండి, ఆయాసం లేనివారిని మాత్రమే ఇంట్లోనే ఆరు నిమిషాలు మామూలుగా నడిపించండి. పెద్దవారికి మూడు నిమిషాలు చాలు. పక్కన ఒకరు ఉండాలి. నడిచాక అంకె మూడు, నాలుగు కంటే ఎక్కువ పడిపోయినా, 94 కంటే దిగినా అది లోపలి గోడ బలహీనపడుతున్నదనడానికి గుర్తు. ల్యాబుకు వెళ్ళకుండా మీ ఇంటి వసారాలో దొరికే సమాచారం ఇది.

తికమకగా మాట్లాడటం, పిలిస్తే పలకకపోవడం, పెదవులు నీలం రంగుకు తిరగడం, ఛాతీలో బరువు, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక మధ్యలో ఊపిరి పీల్చుకోవడం, వీటిలో ఏది కనిపించినా అంకె కోసం ఆగవద్దు.

రక్షణ శక్తి తగ్గినవారి గురించి ఒక మాట. కిడ్నీ మార్పిడి జరిగినవారు, కీమోథెరపీ తీసుకునేవారు, ఎక్కువ కాలం స్టెరాయిడ్ వాడేవారు టీకా వేసుకున్నా యాంటీబాడీలు సరిగా తయారు కాకపోవచ్చు. వీరిలో వైరస్ వారాల తరబడి నిలిచిపోవచ్చు. జ్వరం తగ్గి మళ్ళీ రావచ్చు. ఇంట్లో ఇటువంటివారు ఉంటే మొదటి జలుబు రోజునే మాకు తెలియజేయండి, "చూద్దాంలే" అనవద్దు. ఇంట్లో మిగతా అందరూ టీకా వేసుకొని ఉంటే వారికి అది కొంత కాపు.

మా వార్డు ఫోను పక్కన గోడకు 2021 నుండి ఒక కాగితం అంటించి ఉంది. కొత్తగా చేరిన నర్సులు అది ఎందుకని అడుగుతారు. ఎవరు ఫోను చేసినా మేము ఈ వరుసలోనే అడగాలి. మీరు ఫోను చేసే ముందు జవాబులు దగ్గర పెట్టుకుంటే సమయం కలిసివస్తుంది. లక్షణాలు మొదలై ఎన్నో రోజు? ఇప్పుడు కూర్చున్నప్పుడు ఆక్సిజన్ ఎంత, నడిచాక ఎంత? వయస్సు ఎంత? షుగరు, బి.పి., కిడ్నీ, క్యాన్సరు జబ్బులు ఉన్నాయా? ఏ మందులు వాడుతున్నారు, స్టెరాయిడ్ ఎవరైనా మొదలుపెట్టారా? టీకా చివరిసారి ఎప్పుడు? నిన్నటికంటే ఈ రోజు ఎలా ఉన్నారు?

సీటీ విలువ ఎంత అన్న ప్రశ్న ఆ కాగితంలో లేదు.